రాత్రికి ఎనిమిదితో చుట్టరికం లేదు

చిరంజీవి మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

నీవు పంపిన వాట్సాప్ సందేశం చదివాను. ఇంగ్లీషు ‘నైట్’లో ‘ఎయిట్’, జర్మన్ ‘నాఖ్ట్’లో ‘ఆఖ్ట్’, ఇటాలియన్ ‘నొత్తె’లో ‘ఒత్తొ’ వినిపిస్తున్నాయి కనుక ఎనిమిదికి ముందు ‘న’ చేరి రాత్రి అయిందని అందులో ఉంది. ముచ్చటగానే ఉంది కానీ నిజం కాదు.

ఇటువంటిది ఎదురైనప్పుడు నేటి రూపాలను పోల్చి తీర్పు చెప్పవద్దు. ప్రతి మాటనూ దొరికినంత పాత రూపం దాకా తీసుకువెళ్లు. నాలుగో శతాబ్దంలో వుల్ఫిలా అనే బిషప్పు పాత జర్మానిక్ భాష అయిన గోతిక్‌లోకి అనువదించిన బైబిలులో రాత్రి ‘నహ్త్స్’, ఎనిమిది ‘అహ్తౌ’. ఇంగ్లీషు, జర్మన్, గోతిక్‌లకు తల్లి అయిన మూల జర్మానిక్‌లోని *నహ్త్స్ రాతలో దొరికినది కాదు, సోదర భాషలను పోల్చి పండితులు పునర్నిర్మించినది. ముందున్న చుక్క గుర్తు అందుకే. అక్కడిదాకా వెళ్లినా పోలిక చెదరలేదే అంటావు. అప్పుడు ఆ పోలిక విడిపోయే భాషను వెతకాలి.

అది మన ఇంట్లోనే ఉంది. కార్తిక సోమవారాల్లో మీ నాయనమ్మ నక్తం ఉండేది. పగలంతా ఏమీ ముట్టక, పెరట్లోకి వెళ్లి చుక్క కనిపించాకే విస్తరి ముందు కూర్చునేది. రాత్రి అనే అర్థమున్న ఆ ‘నక్తం’ గోతిక్ ‘నహ్త్స్’కూ లాటిన్ ‘నొక్స్’కూ తోబుట్టువు. ఎనిమిది మాత్రం సంస్కృతంలో ‘అష్ట’. అక్కడ ‘క్త’, ఇక్కడ ‘ష్ట’. ఈ భాషలన్నిటికీ మూలమైన మూల ఇండో-యూరోపియన్‌లో రాత్రి మాటకు పెదవులు గుండ్రంగా చుట్టి పలికే ‘క్వ’, ఎనిమిదికి తాలవ్యమైన, అంటే నాలుకను అంగిలికి ఆనించి పలికే ‘క’ ఉండేవని ఈ తేడా చెబుతుంది. ‘త’ ముందు అవి లాటిన్‌లోనూ జర్మానిక్‌లోనూ కలిసిపోగా, సంస్కృతమూ లిథువేనియనూ వేరుగానే నిలుపుకున్నాయి.

నేనూ ఒకప్పుడు ‘డే’, ‘దినం’ ఒకటేనని నోటుపుస్తకంలో రాసుకుని మురిసిపోయినవాడినే. మా మాస్టారు పక్కన ఎర్ర సిరాతో ‘ద్వి–టూ, దశ–టెన్’ అని మాత్రం రాసి ఇచ్చారు. జర్మన్ భాషావేత్త యాకోబ్ గ్రిమ్ 1822లో వివరించిన సూత్రం ప్రకారం సంస్కృత ‘ద’కు ఇంగ్లీషులో ‘ట’ రావాలి. ‘డే’లో అది లేదు. కనుక ధ్వని, అర్థం రెండూ ఇట్టే కుదిరిపోతే మరింత అనుమానించు.

సందేశం పంపినవారికి సూత్రాలు వల్లించకు. ‘నక్తం’, ‘అష్టమి’ అని రెండే మాటలు రాసి పంపు. తరువాత జర్మన్ ‘మోర్గెన్’ తీసుకో. ఆ మాటకు ఉదయమనీ రేపనీ రెండర్థాలు. మన ‘రేపు’కూ, తెల్లవారుజామైన ‘రేపకడ’కూ ఉన్న సంబంధం నిఘంటువులో చూసి నాకు ఉత్తరం రాయి.