చేబదులు ఇచ్చిన డబ్బు కోసం కోర్టుకు ఎప్పటిలోగా వెళ్లాలి?

బెంగళూరులో రూమ్మేటుకి చేబదులిచ్చి రెండున్నరేళ్లయింది, ఇప్పుడు కేసు వేయొచ్చా అని అడిగారు. వేయొచ్చు, కానీ టైం దగ్గర పడింది. 1963 లిమిటేషన్ చట్టం ప్రకారం ఇలాంటి వసూలు దావాకి గడువు 3 ఏళ్లు, అదీ ఫలానా తేదీకి తీరుస్తానన్న ఒప్పందం లేకపోతే డబ్బు చేతికిచ్చిన రోజు నుంచే లెక్క, అతను "ఇవ్వను, ఏం చేసుకుంటావో చేసుకో" అన్న రోజు నుంచి కాదు.

లాయర్ నోటీసు పంపితే గడువు ఆగుతుందనుకుంటారు చాలామంది. ఆగదు. గడువు దాటకముందే అతను బాకీ ఉన్నానని రాసి సంతకం పెడితే మాత్రం ఆ రోజు నుంచి మళ్లీ 3 ఏళ్లు మొదలవుతాయి, కాబట్టి మొహమాటం పక్కనపెట్టి ముందు ఆ కాగితం సంపాదించండి. నోటిమాటకి ఈ లాభం లేదు.

చెక్కు బౌన్స్ కేసైతే లెక్కే వేరు, ఇంకా టైటు: బ్యాంకు నుంచి సమాచారం వచ్చిన 30 రోజుల్లో నోటీసు, అది అందాక అతనికి 15 రోజులు, అప్పటికీ కట్టకపోతే నెలలోపు ఫిర్యాదు.

అతను ఇప్పుడు కడపకి వెళ్లిపోయినా పర్లేదు, డబ్బు బెంగళూరులో ఇచ్చారు గనక దావా అక్కడే వేయొచ్చు. బ్యాంకు స్టేట్‌మెంటు, వాట్సాప్ మెసేజ్‌లు మాత్రం డిలీట్ చేయకండి.