‘ది ఇల్యూజనిస్ట్’ చివర్లో ఆ ఇన్‌స్పెక్టర్ ఎందుకు నవ్వాడు?

మీరు అడిగింది ఇదీ: “2006లో వచ్చిన ‘ది ఇల్యూజనిస్ట్’ సినిమాని కొందరు నెత్తిన పెట్టుకుంటారు, కొందరు క్లైమాక్స్ చూసి తిట్టుకుంటారు. దాన్ని ప్రేమకథగా చూడాలా, పజిల్‌గా చూడాలా? మీకేమనిపించింది?”

నేను మూడుసార్లు చూశాను. ప్రతిసారీ నచ్చింది, ప్రతిసారీ ఒకే చోట చిరాకు పుట్టింది. చూడనివాళ్ళు ఇక్కడే ఆగిపోండి, కథంతా చెప్పేస్తాను.

మొదటిసారి ఇంజనీరింగ్ హాస్టల్లో. ఒక్క కంప్యూటర్ ముందు ఎనిమిదిమందిమి. కథ 1900 ప్రాంతపు వియన్నాలో జరుగుతుంది. వడ్రంగి కొడుకు, గొప్పింటి అమ్మాయి సోఫీ చిన్నప్పుడు స్నేహితులు. పెద్దవాళ్ళు విడదీస్తారు. పదిహేనేళ్ళ తర్వాత అతను ఐజెన్‌హైమ్ అనే పేరుమోసిన మెజీషియన్‌గా ఊళ్ళోకి దిగుతాడు. ఆమె అప్పటికే యువరాజు లియోపోల్డ్‌ని పెళ్ళి చేసుకోబోతుంటుంది. ఒక రాత్రి యువరాజుతో గొడవపడి వెళ్ళిన సోఫీ తెల్లారేసరికి శవమై దొరుకుతుంది. ఐజెన్‌హైమ్ స్టేజీ మీద ఆత్మల్ని రప్పించడం మొదలుపెడతాడు. జనం యువరాజే హంతకుడని నమ్ముతారు, అతను తుపాకీతో కాల్చుకుంటాడు. ఆఖర్లో రైల్వే స్టేషన్‌లో ఇన్‌స్పెక్టర్ ఊల్ బుర్రలో ఒక్కసారిగా అన్నీ కలుస్తాయి: సోఫీ చావలేదు, మొత్తం ప్లాన్.

ఆ రెండు నిమిషాల మీద మా గదిలో రాత్రి రెండింటిదాకా గొడవ. ఒకడు “సినిమా సగంలోనే కనిపెట్టేశా” అన్నాడు (అన్ని సినిమాలకీ వాడు అదే అంటాడు). ఇంకొకడు “సోఫీ ఎక్కి వెళ్ళిన ఆ ఒక్క గుర్రం అటు కాకుండా ఇటు పరిగెత్తి ఉంటే ప్లాన్ మొత్తం గోవిందా, ఇదేం కథరా” అన్నాడు. మిగతావాళ్ళు యథాప్రకారం ‘ది ప్రెస్టీజ్’ని లాక్కొచ్చారు. అదీ 2006లోనే వచ్చింది, అందులోనూ మెజీషియన్లే. తమాషా ఏంటంటే రికీ జే అనే మెజీషియన్ రెండు సినిమాలకీ సలహాదారు. ఆస్కార్‌కి ఛాయాగ్రహణం విభాగంలో రెండూ నామినేట్ అయ్యాయి, రెండూ ఓడిపోయాయి. అభిమానులు మాత్రం ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నారు. నాకు ఆ పోలిక పెద్దగా పనికొచ్చేదిగా అనిపించదు. అది ఇద్దరు మెజీషియన్ల పగ కథ, ఇది మెజీషియన్‌కీ ఒక ప్రేక్షకుడికీ మధ్య జరిగే కథ.

ప్రేమకథ సంగతి తేల్చేస్తాను, ఎందుకంటే అక్కడ చెప్పడానికి పెద్దగా లేదు. చిన్నపిల్లలుగా ఉన్నప్పటి సీన్లు బాగున్నాయి. అతను చెక్కతో చేసి ఇచ్చిన ఆ లాకెట్, తిప్పితే గుండె ఆకారంలోకి మారి తెరుచుకునేది, అదీ బాగుంది. పెద్దయ్యాక సోఫీకి (జెస్సికా బీల్) దర్శకుడు నీల్ బర్గర్ చేతినిండా పని ఇవ్వలేదు. ఐజెన్‌హైమ్‌గా ఎడ్వర్డ్ నార్టన్ గడ్డం పెట్టుకుని గుంభనంగా చూస్తుంటాడు, ఫిలిప్ గ్లాస్ సంగీతం ఆ లోటంతా తన భుజాన మోస్తుంది. మా ఆవిడతో రెండోసారి చూసినప్పుడు ఆవిడ ఒక్క ముక్కలో తేల్చింది: “వీళ్ళిద్దరికంటే ఆ పోలీసాయన, మెజీషియన్ మధ్యే ఎక్కువ ప్రేమ కనిపిస్తోంది.”

అక్కడే నాకు దారి దొరికింది. సినిమా మొదటినుంచీ చూడండి. ఐజెన్‌హైమ్ కథ మనకి చెబుతున్నది ఎవరు? ఊల్. యువరాజు ముందు నిలబడి చెబుతుంటాడు. చివర్లో ప్లాన్ అంతా మన కళ్ళముందు తిరిగేదీ అతను స్టేషన్‌లో నిలబడి ఆలోచిస్తున్నప్పుడే. అతను ఆ సంఘటనలు జరిగినప్పుడు అక్కడ లేడు, ఎవరూ వచ్చి చెప్పలేదు. అంటే మనం చూసింది అతని ఊహ. “గుర్రం ఇటు పరిగెత్తి ఉంటే” అన్న మా వాడి ప్రశ్నకి నా జవాబు ఇదే: అది ఐజెన్‌హైమ్ గీసిన ప్లాన్ అని ఎందుకనుకోవాలి, ఊల్ అల్లుకున్న కథ అయినా అయివుండొచ్చు. ఒక మాంసం కొట్టువాడి కొడుకు పోలీసు అధికారి అయ్యాడు, యువరాజుకి సేవ చేస్తే ఇంకా పైకి పోతానని ఆశ. అయినా అతని మనసంతా ఒక్క ట్రిక్ మీదే: ఐజెన్‌హైమ్ స్టేజీ మీద మొలిపించిన ఆ నారింజ చెట్టు ఎలా మొలిచింది? సినిమా పొడుగునా అదే అడుగుతుంటాడు. ఉద్యోగం, పరువు అన్నీ పోయాయని తెలిశాక, తననీ పావుగా వాడుకున్నారని అర్థమయ్యాక, అతను స్టేషన్‌లో నిలబడి నవ్వుతాడు. పాల్ జియామాటి ఆ నవ్వు నవ్వకపోతే ఈ సినిమా లేదు.

ఆ నవ్వు నాకు ముందే తెలుసు. మా పెదనాన్న స్కూల్ మాస్టారు, ఖాళీ దొరికితే మ్యాజిక్ షోలు చేసేవారు. పీసీ సర్కార్ అంటే దేవుడు. సర్కార్ చేసే ‘వాటర్ ఆఫ్ ఇండియా’ ఐటమ్, అంటే షో మధ్యమధ్యలో ఖాళీ చెంబు వంచితే మళ్ళీ మళ్ళీ నీళ్ళు పడటం, మా పెదనాన్న కూడా చేసేవారు. చెంబు రహస్యం ఇక్కడ చెప్పను, ఆయన ఊరుకోరు. నేను ఎనిమిదో తరగతిలో ఆయన అసిస్టెంట్‌ని. ఒక స్కూల్ వార్షికోత్సవంలో ఎర్ర చేతిరుమాలు మాయం చేసే ఐటమ్. దాన్ని లోపలికి లాగే ఎలాస్టిక్ కట్టింది నేనే, వదులుగా కట్టాను. రుమాలు సగం లోపలికి పోయి, సగం చొక్కా చేతిలోంచి వేలాడుతూ ఉండిపోయింది. ముందు వరసలో ఒక బుడతడు లేచి “అదుగో, చొక్కాలో ఉంది!” అని అరిచాడు. హాలంతా గోల. నేను తెర వెనక చచ్చిపోయాను. పెదనాన్న మాత్రం తాపీగా రుమాలు బయటికి లాగి, ఆ పిల్లాణ్ణి స్టేజీ మీదికి పిలిచి, మెడలో కట్టి, “ఇవాళ్టి నుంచి మీరే మెజీషియన్, నేను అసిస్టెంట్‌ని” అన్నారు. అందరికంటే ఎక్కువ నవ్వింది వాడే. తిరిగొస్తూ బస్సులో నేను మూతి ముడుచుకుని కూర్చుంటే, “వాడు పట్టుకున్నాడు కదా, మరి కోపంగా ఉన్నాడా? నవ్వాడు. మనకి అంతకంటే ఏం కావాల్రా” అన్నారు.

ఊల్‌ని చూసిన ప్రతిసారీ నాకు ఆ బుడతడే గుర్తొస్తాడు. క్లైమాక్స్ నచ్చనివాళ్ళు ప్లాన్‌లో లెక్కలు సరిచూస్తారు. సరిచూడండి, తప్పులు దొరుకుతాయి. నచ్చినవాళ్ళు ఊల్‌తో పాటు నవ్వుతారు. నేను రెండో గుంపు.

ఒక అభ్యంతరాన్ని మాత్రం నేను కొట్టిపారేయలేను. యువరాజు సోఫీని చంపలేదు. చెయ్యని హత్యకి ఒక మనిషిని చావుదాకా తరిమి, ఆ జంట హాయిగా కొండల మధ్య ఇంట్లో కాపురం పెట్టారు. యువరాజు ఆడవాళ్ళని కొడతాడు, తండ్రిని దించడానికి కుట్ర చేస్తున్నాడు, కాబట్టి పోయినా ఫర్వాలేదని సినిమా మనల్ని ఒప్పించేస్తుంది. ఇదీ కనికట్టే. ఆ నిమిషానికి ఒప్పుకుంటాం, ఇంటికెళ్ళాక గుచ్చుకుంటుంది. స్టీవెన్ మిల్‌హౌజర్ రాసిన మూలకథలో ఈ యువరాజు గొడవే లేదు, అది చిన్న కథ. అందులో ఐజెన్‌హైమ్ స్టేజీ మీదే గాలిలో కలిసిపోతాడు. అది చదివాక సినిమా ముగింపు కొంచెం తేలికగా అనిపించిన మాట నిజం.

అసలు యువరాజు సంగతి తెలిస్తే ఇంకా చిత్రం. లియోపోల్డ్ కల్పన, కానీ అతని కథ గుర్తుచేసే మయర్లింగ్ ఘటన కల్పన కాదు. 1889 జనవరి 30న ఆస్ట్రియా యువరాజు రుడాల్ఫ్, అతని ప్రియురాలు పదిహేడేళ్ళ మేరీ వెట్సెరా మయర్లింగ్ వేట బంగళాలో చనిపోయి కనిపించారు. అతనికి ముప్పై ఏళ్ళు. మొదట గుండె ఆగిపోయిందని బయటికి చెప్పారు, తర్వాత ఎవరికి తోచిన కథ వాళ్ళు అల్లారు. ఆ చావు వల్లే వారసత్వం చివరికి ఫ్రాంజ్ ఫెర్డినాండ్ దాకా వచ్చింది, 1914లో సారయేవోలో అతన్ని కాల్చి చంపడం, మొదటి ప్రపంచ యుద్ధం మనకి తెలిసినవే. సినిమాలో లియోపోల్డ్ కోటగా చూపించింది చెక్ దేశంలోని కోనోపిష్టే. అది నిజజీవితంలో ఆ ఫెర్డినాండ్ కోటే. వియన్నా వీధులు కూడా వియన్నా కాదు, ఎక్కువగా ప్రాగ్, తాబోర్ పట్టణాలు. ఊరే మారువేషం వేసిన సినిమా అన్నమాట. పాత రంగుల ఫొటోల్లా అంచులు నల్లబడి, పసుపు మసక కమ్మిన ఆ డిక్ పోప్ ఛాయాగ్రహణం కోసమైనా ఒకసారి పెద్ద తెర మీద చూడాలి.

ఇక నా చిరాకు. మూడోసారి పెదనాన్నకి చూపించాను. రిటైరయ్యాక మోకాళ్ళ నొప్పితో మా ఇంట్లో ఉన్నారు. ప్రేమకథ వస్తుంటే పేపర్ చదువుకున్నారు. నారింజ చెట్టు రాగానే కళ్ళజోడు సర్దుకుని ముందుకి వంగారు. ఆ ట్రిక్ నిజంగానే ఉంది. ప్యారిస్‌లో రాబర్ట్ హుడాన్ చేసేవాడు. మొదట గడియారాలు చేసిన మనిషి, 1845లో సొంత థియేటర్ పెట్టాడు. చెట్టు పూస్తుంది, కాస్తుంది, కాయలు కోసి జనానికి పంచుతాడు, చివరి కాయ విచ్చుకుని రెండు సీతాకోకచిలుకలు రుమాలు పైకెత్తుతాయి. అంతా యంత్రం పనితనం. తర్వాతి కాలపు పేరుమోసిన మెజీషియన్ హూడినీ తన పేరు పెట్టుకున్నది ఈయన పేరు మీదే. పెదనాన్నకి ఇదంతా కంఠతా వచ్చు. సినిమాలో చెట్టు సర్రున పెరుగుతుంటే, “ఇంత నున్నగా ఎలా వస్తోందిరా?” అన్నారు. గ్రాఫిక్స్ అన్నాను. ఏమీ అనలేదు.

ఆత్మలు వచ్చే చోట మళ్ళీ ఆపమన్నారు. “అద్దం ఎక్కడ పెట్టుంటాడు?” 1860ల్లో లండన్‌లో పెప్పర్ అనే ఆయన స్టేజీకి వాలుగా పెద్ద గాజుపలక నిలబెట్టి దెయ్యాన్ని చూపించేవాడు, పెదనాన్న దాన్ని వెతుకుతున్నారు. ఆ ఆత్మ జనం మధ్యలోకి నడిచేసరికి అద్దం కుదరదని తేలిపోయింది. “ఇదీ గ్రాఫిక్సేనా?” “అవును పెదనాన్నా.” లేచి కాఫీ కలుపుకోవడానికి వెళ్ళిపోయారు. ఈ సినిమా మీద ఎవరేమన్నా నేను వాదించగలను, ఆయన కుర్చీలోంచి లేచి వెళ్ళిన దానికి మాత్రం నా దగ్గర జవాబు లేదు.

కాఫీతో తిరిగొచ్చేసరికి క్లైమాక్స్ నడుస్తోంది. వీధిలో గడ్డం మనిషి ఒకడు ఊల్‌ని రాసుకుంటూ వెళ్తాడు, కాసేపటికి ఊల్ జేబులో లాకెట్ ఉండదు. పెదనాన్న నిలబడే వెనక్కి తిప్పమన్నారు. తిప్పాను. మళ్ళీ తిప్పమన్నారు.

“ఇది చేత్తోనే చేశాడు,” అన్నారు, కూర్చుంటూ. “ఇంకోసారి పెట్టు.”