యద్దనపూడి నవలల మీద నీ వ్యాసం చదివాక

విజయవాడ

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

గుంటూరు నుంచి నువ్వు పంపిన కవరు అందింది. యద్దనపూడి సులోచనారాణి నవలల మీద నీ వ్యాసాన్ని రెండుసార్లు, దానితో పాటు పెట్టిన కథను ఒకసారి చదివాను. ముందు వ్యాసం గురించి రాస్తాను, ఎందుకంటే కథలోని చిక్కు కూడా అక్కడి నుంచే మొదలైందని నాకు అనిపించింది.

మొదటి నాలుగు పేజీలు నువ్వు ప్రేమతో రాశావు. పదో తరగతి సెలవుల్లో అమ్మమ్మగారింటి అటక మీద దొరికిన, పత్రికల్లోంచి చింపి బైండు చేయించిన సీరియల్ కాగితాలను అన్నానికి పిలుస్తున్నా వినిపించుకోకుండా చదివిన సంగతి చాలా బాగుంది. ఐదో పేజీకి వచ్చేసరికి గొంతు మారిపోయింది. కథానాయకులందరూ ఐశ్వర్యవంతులనీ, కథానాయికలందరూ అలిగి అలిగి చివరికి లొంగిపోయేవాళ్ళేననీ, ఈ నవలలు ఆడపిల్లలకు పగటికలలు అలవాటు చేశాయనీ తీర్పులు చెప్పుకుంటూ పోయావు. ఆ మాటలు నాకు కొత్తవి కావు. నేను బి.ఎ. చదివే రోజుల్లో మా అధ్యాపకుడొకాయన వీటినే ఇంతకంటే వెటకారంగా, 'వంటింటి సాహిత్యం' అని పేరు పెట్టి తరగతిలో అనేవారు. వెనక బెంచీలో నా ఒళ్ళో అప్పుడు ఆమె నవలే ఒకటి ఉండేది. ఆయన అన్న మాటల్లో కొన్ని నిజాలు ఉన్నాయని ఆ వయసులోనే నాకు తెలుసు, అయినా గంట కొట్టగానే ఆగిన పేజీ దగ్గర మళ్ళీ మొదలుపెట్టేదాన్ని. (ఆ రోజుల్లోనే కొందరు మగ రచయితలు ఆడపేర్లు పెట్టుకుని నవలలు రాశారన్న సంగతిని మాత్రం ఆయన ఎన్నడూ ఎత్తలేదు.)

నువ్వు సులోచనారాణిని విమర్శించినందుకు నాకు అభ్యంతరం లేదు. నీ వ్యాసంలో మెచ్చుకున్న అమ్మాయి, కోప్పడిన అమ్మాయి ఒకరి మొహం ఒకరు చూడకుండా కూర్చున్నారు. నా అభ్యంతరం దానితోనే. చదువుతున్నప్పుడు నీలో ఆ రెండూ ఒకేసారి, బహుశా ఒకే పేజీ మీద జరిగి ఉంటాయి. ఆ పేజీ ఏదో వెతికి పట్టుకోకుండా ఇష్టాన్ని బాల్యానికీ, కోపాన్ని ఇప్పటి వయసుకూ పంచిపెడితే పని సులువవుతుంది గానీ, నువ్వు నిజంగా ఏం చదివావో పాఠకుడికి తెలియదు.

ముందు ఒక దిద్దుబాటు. 'కథానాయకులందరూ' అని రాసేటప్పుడు ఆమె 'మీనా' నవల నీకు ఎందుకు గుర్తు రాలేదు? అందులో డబ్బు అమ్మాయి వైపు ఉంది. తల్లి పెత్తనం కింద పెరిగిన ఆ పిల్ల పల్లెటూళ్ళో బంధువుల ఇంటికి వెళ్ళి, అక్కడి బావను కోరుకుంటుంది. 1973లో విజయనిర్మల దర్శకత్వంలో అది సినిమాగా వచ్చినప్పుడు సత్యనారాయణపురంలో మా వీధి ఆడవాళ్ళు గుంపుగా వెళ్ళి చూసి వచ్చి, ఆ పల్లె ఇంటి గురించి వారం రోజులు మాట్లాడుకున్నారు. కాబట్టి ఐశ్వర్యం ఒక్కటే ఆ నవలల ఆకర్షణ అనుకుంటే లెక్క కుదరదు. కృష్ణా జిల్లా కాజ గ్రామంలో 1940లో పుట్టిన రచయిత్రి ఆమె. ఆమె రాసిన బంగళాలను మళ్ళీ ఒకసారి చూడు: వాటిని ఎప్పుడూ గుమ్మంలో చెప్పులు విప్పి, కాస్త బెరుకుగా లోపలికి అడుగుపెట్టే మనిషి చూసినట్టే వర్ణిస్తుంది. చదివేవాళ్ళూ అలా బయటి నుంచి చూసేవాళ్ళే కనుక ఆ చూపు వాళ్ళకు సరిపోయింది.

ఇక 'సెక్రటరీ' నవల. నువ్వు కథానాయకుడు రాజశేఖరం గురించి ఒకటిన్నర పేజీ రాశావు, కథానాయిక జయంతి ఉద్యోగం గురించి ఒక్క వాక్యం రాశావు. అరవయ్యవ దశకంలో 'జ్యోతి' మాసపత్రికలో అది సీరియల్‌గా వస్తున్నప్పుడు మా ఇంట్లో దాన్ని మొదట చదివింది మా అక్క. ఇంటి అవసరం కోసం ఆడపిల్ల గడప దాటి, పరాయి మగవాడి దగ్గర జీతానికి పనిచేస్తూ, అతనికి ఎదురు సమాధానం చెప్పగలగడం ఆమెను పట్టుకున్న విషయం. ఆ సీరియల్ పూర్తి కాకముందే అక్క నాన్నగారిని బతిమాలి గాంధీనగరంలో టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేరింది, టైపులో మొదటి పరీక్ష లోయర్ ప్యాసయింది. అదే సీరియల్ పుణ్యమా అని, పెళ్ళిచూపులకు వచ్చిన ప్రతి అబ్బాయినీ గుమ్మం ఎత్తుతో కొలిచి, పొట్టివాడని పెదవి విరిచేది. చివరికి పెళ్ళి కుదిరింది, హయ్యర్ పరీక్ష రాయకుండానే కాపురానికి వెళ్ళింది. 2018 మే నెలలో సులోచనారాణి అమెరికాలో కన్నుమూశారన్న వార్త వచ్చిన రోజు అక్క నాకు ఫోను చేసి, కాసేపు ఏమీ మాట్లాడకుండా ఉండి, "ఆవిడ నన్ను చాలా మోసం చేసిందే, అయినా..." అని ఆగిపోయింది. నేను పొడిగించమని అడగలేదు. నీ వ్యాసం ఆ 'అయినా' దగ్గర మొదలు కావాలని నా కోరిక.

మరొక సంగతి నువ్వు గమనించలేదు. కథానాయిక చిన్న అపార్థాన్ని పట్టుకుని వంద పేజీలు లాగుతుందని విసుక్కున్నావు. నాకూ ఆ విసుగు ఉంది, ఇప్పుడు పుస్తకంగా చదివితే మరీ ఎక్కువ. అయితే ఆ వంద పేజీలూ మొదట ఒక రాత్రిలో చదవడానికి రాసినవి కావు. 'సశేషం' అన్న మాట దగ్గర ఆగి, తరువాతి సంచిక వచ్చేదాకా పాఠకురాలు అంట్లు తోముతూ, బియ్యం ఏరుతూ, 'అతను ఆ మాట ఎందుకన్నాడు' అని తనలో తాను వాదించుకోవాలి. ఆ నిరీక్షణకు సరిపడా ముడి వేయడం సులోచనారాణికి తెలుసు. అది సీరియల్ చేతిపని. నువ్వు అటక మీది కాగితాలను రెండు రోజుల్లో ముగించావు కనుక నీకు ముడులు మాత్రమే కనబడ్డాయి, మధ్యలో ఉన్న నెల రోజులు కనబడలేదు. అలాగని ప్రతి సాగదీతనూ ఈ పేరుతో క్షమించమని చెప్పడం లేదు. ఒక్క ప్రశ్న అడిగితే తీరిపోయే అపార్థాన్ని, ఆ ప్రశ్న అడగగల తెలివి ఉన్న అమ్మాయి చేత అడగనివ్వకపోవడం నా దృష్టిలో ఆమె నవలల్లో పెద్ద లోపం.

నా అనుభవం ఒకటి చెబుతాను. మా వీధి చివర అద్దె పుస్తకాల షాపులో రోజుకు పది పైసలకు తెచ్చుకున్న ఒక నవలకు ఆఖరి పేజీలు లేవు. కథానాయిక పెట్టె సర్దుకుని ఇంట్లోంచి బయటికి రావడంతో నా పుస్తకం ఆగిపోయింది. ఆ తరువాత ఆమె వేరే ఊళ్ళో ఉద్యోగంలో చేరిందని, అతనికి ఉత్తరం కూడా రాయలేదని నేనే ముగింపు కల్పించుకున్నాను, కొన్నేళ్ళపాటు అదే నిజమని నమ్మాను. పెళ్ళయి పిల్లలు పుట్టాక, ఒక ఆదివారం అలంకార్ సెంటర్‌లో పాత పుస్తకాలు తిరగేస్తుంటే అదే నవల పూర్తి ప్రతి దొరికింది. ఫుట్‌పాత్ మీద నిలబడే చివరి పేజీలు చదివాను. అతను స్టేషన్‌కు వచ్చాడు, ఆమె వెనక్కి తిరిగింది. నాకు ఒళ్ళు మండింది. అదే క్షణంలో, ఇది జరగాలనే ఇన్నేళ్ళుగా ఎదురుచూశానని కూడా తెలిసింది, కళ్ళు చెమర్చాయి. ఏ నవలో చెప్పను, వెంటనే వెళ్ళి వెతుకుతావు. నేను రాసిన మొదటి కథ ఆ రాత్రి మొదలైంది, దానిలో స్టేషన్‌కు ఎవరూ రారు. అది మంచి కథ కాదు. ఎవరినీ రానివ్వకూడదన్న పట్టుదల తప్ప నా దగ్గర అప్పుడు వేరే ఏమీ లేదు.

ఇప్పుడు నీ కథకు వస్తాను, నొచ్చుకోకు. వ్యాసంలో కారు ఉన్న కథానాయకుణ్ణి అంత దులిపి, కథలో అమెరికా నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ అబ్బాయిని తెచ్చి కూర్చోబెట్టావు. ఇంపాలా కారు పోయి వీసా వచ్చింది, అంతే తేడా. అతను ఉన్న పేజీలన్నీ నాకు ముందే తెలిసినవి. అతను లేని చోట, కొత్తపేట ఆసుపత్రి రిసెప్షన్‌లో పనిచేసే నీ అమ్మాయి సాయంత్రానికి కాళ్ళు వాచిపోయి, కౌంటరు కింద ఎవరికీ కనబడకుండా చెప్పులు విప్పి, చల్లని గచ్చు మీద పాదాలు ఆనించి, పైకి మాత్రం నవ్వుతూ టోకెన్లు ఇచ్చే వాక్యం ఉంది చూడు, అది నీది. ఆ అమ్మాయి ప్రేమలో పడితే నాకేమీ అభ్యంతరం లేదు, పడనీ. అతను ఎదురుగా నిలబడినప్పుడు కూడా ఆమె పాదాలు వాచే ఉంటాయని మరచిపోకుండా రాయి. ఆమెకు అతని మీద ఆశ ఎంత ఉందో, ఆ ఆశ మీద సిగ్గు ఎంత ఉందో రెండూ అక్కడే తెలుస్తాయి.

వ్యాసాన్ని తిరిగి రాసేటప్పుడు ముందు ఆ అటక కాగితాలు మళ్ళీ తెప్పించుకో. అమ్మమ్మగారు చదివేటప్పుడు మార్జిన్లలో ఏమైనా గీసిపెట్టారేమో చూడు. మా అక్క ప్రతిలో రాజశేఖరం మాటల కింద గీతలు ఉన్నాయి, జయంతి జవాబుల పక్కన టిక్కులు ఉన్నాయి. అమ్మమ్మగారు ఇంకా ఓపికగా మాట్లాడగలిగితే, ఏ పేజీ దగ్గర ఆగి ఆలోచించారో అడిగి, ఆమె చెప్పింది చెప్పినట్టు రాసుకో, నీ అభిప్రాయం కలపకు. ఈసారి కాగితానికి ఒకవైపే రాసి, ఎడమ పక్కన రెండు అంగుళాలు వదిలి పంపు. పోయినసారి నాకు పెన్సిలు పెట్టడానికి చోటు దొరకలేదు.

ఇట్లు
శ్రేయోభిలాషి