మీ ప్రశ్న - నా జవాబు: ఈవూలో ఇంటర్న్‌షిప్‌కి వెళ్లొచ్చా?

(ఈ శీర్షికలో జవాబులిస్తున్నది చైనాలోని ఎగుమతి ఆఫీసుల్లో కొనుగోళ్లు చూసి వచ్చిన ఒక తెలుగు మహిళ.)

ప్రశ్న: మేడమ్ గారూ, నమస్తే. నేను ఎంబీఏ చదువుతున్నాను. చైనీస్ భాషా పరీక్ష హెచ్‌ఎస్‌కేలో మూడో లెవెల్ పాసయ్యాను. చైనాలో ఈవూ అనే ఊళ్లోని ఒక ఎగుమతి కంపెనీ వాళ్లు వేసవిలో ఇంటర్న్‌గా రమ్మంటున్నారు. విదేశీ కొనుగోలుదారులకి ఇంగ్లిష్‌లో మెయిల్స్ రాయడం, క్యాటలాగ్ దిద్దడం నా పని అట. వీసా గురించి అడిగితే "టూరిస్టు వీసా మీద వచ్చెయ్, ఇక్కడ చూసుకుందాం" అన్నారు. వ్యాపారం నేర్చుకోవడంతో పాటు చైనీస్ ధారాళంగా మాట్లాడాలన్నది నా కోరిక. వెళ్లమంటారా? - ఒక విద్యార్థిని

జవాబు: వీసా సంగతి తేలాకే మిగతాదంతా. టూరిస్టు వీసా మీద వెళ్లి కంపెనీలో కూర్చుంటే, జీతం లేకపోయినా, అక్కడి అధికారులు దాన్ని అక్రమ ఉద్యోగం కింద లెక్కగట్టొచ్చు. 2013 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం దానికి 5,000 నుంచి 20,000 యువాన్ల దాకా జరిమానా, విషయం పెద్దదైతే 5 నుంచి 15 రోజుల నిర్బంధం కూడా. జరిమానా కంపెనీకీ పడుతుంది. కాకపోతే కంపెనీ అక్కడే ఉంటుంది, పెట్టె సర్దుకుని రావాల్సింది మీరు. "ఇక్కడ చూసుకుందాం" అన్న మాట కాగితం మీద రాసివ్వమనండి. రాసివ్వరు.

మీ కాలేజీకి చైనాలో ఏదైనా యూనివర్సిటీతో ఒప్పందం ఉందేమో ముందు కనుక్కోండి. 180 రోజులు దాటే చదువుకి ఎక్స్1 వీసా ఇస్తారు. దిగిన 30 రోజుల్లోపు రెసిడెన్స్ పర్మిట్‌కి దరఖాస్తు పెట్టుకోవాలి. తర్వాత యూనివర్సిటీ అనుమతితో ఆ పర్మిట్ మీదే ఇంటర్న్‌షిప్ సంగతి రాయించుకోవాలి. ఒక్క వేసవికే అయితే, కంపెనీ నుంచి మీ పని, తేదీలు, చిరునామా స్పష్టంగా ఉన్న ఆహ్వాన పత్రం తెప్పించి, ఏ వీసా సరిపోతుందో దరఖాస్తు చేసేచోటే అడగండి. హోటల్లో కాకుండా అద్దె గదిలో దిగితే 24 గంటల్లోపు పోలీస్ స్టేషన్‌లో పేరు నమోదు చేయించుకోవాలి. "రేపు వెళ్దాంలే" అనుకునే పని కాదిది.

ఇక అసలు సంగతి. మిమ్మల్ని పిలుస్తున్నది మీ చైనీస్ చూసి కాదు, మీ ఇంగ్లిష్ చూసి. అది తప్పని అనను, వాళ్ల అవసరం అది. కానీ రోజంతా ఇంగ్లిష్ మెయిల్స్ రాసి, సాయంత్రం తోటి భారతీయులతో కబుర్లు చెప్పుకుని పడుకుంటే, చైనాలో ఉన్నా మీ చైనీస్ మాత్రం మూడో లెవెల్ దగ్గరే ఆగిపోతుంది. ఈవూలో ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. మనవాళ్ల వ్యాపారాలున్నాయి, మన భోజనం దొరుకుతుంది, హిందీతో నెట్టుకురావచ్చు.

అందుకని చేరకముందే బేరం పెట్టండి. పొద్దున మీ ఇంగ్లిష్ వాళ్లకి, మధ్యాహ్నం నుంచి మార్కెట్ మీకు. కొనుగోళ్లు చూసే మనిషి వెంట పంపమని, శాంపిళ్ల ఫాలో-అప్ మీకు అప్పగించమని, సరుకు తనిఖీకి ఫ్యాక్టరీకి తీసుకెళ్లమని అడగండి. ఒప్పుకుంటే ఆ ఇంటర్న్‌షిప్‌కి విలువ ఉంది. "చూద్దాం" అంటే ఇంకో కంపెనీ వెతుక్కోండి. చైనీస్ లేకుండా సాగని పనిలో పడితేనే చైనీస్ వస్తుంది.

ఈవూ మార్కెట్ అంటే ఒక వీధి కాదు. జెజియాంగ్ రాష్ట్రంలో 75,000 దాకా దుకాణాలున్న టోకు మహాసముద్రం. బొత్తాలు, బొమ్మలు, గిల్టు నగలు, జిప్పులు, క్రిస్మస్ అలంకరణలు, ఒక్కో రకానికి ఒక్కో అంతస్తు. ప్రతి షాపులోనూ బల్ల మీద ఒక పెద్ద కాలిక్యులేటర్ ఉంటుంది. ధర అడగ్గానే షాపామె నోటితో చెబుతూనే అంకెలు నొక్కి మీ ముందుకి తిప్పుతుంది. కొత్తవాళ్లంతా ఆ తెర చూసి తలూపుతారు. మీరు చూడకండి. విన్నది ముందు మీ పుస్తకంలో రాసి, తర్వాత తెర వంక చూడండి. మొదటివారం సగం తప్పులే వస్తాయి. ఎందుకంటే చైనీస్‌లో పదిని "షి" అని, నాలుగుని "సి" అని అంటారు; అక్కడివాళ్ల యాసలో "షి" అనాల్సింది చాలాసార్లు "సి" అయిపోతుంది. అప్పుడు పదికీ నాలుగుకీ తేడా స్వరంలోనే. పైకి లేస్తే పది, కిందికి దిగితే నాలుగు. కార్టన్‌లో 14 (పది-నాలుగు) డజన్లా 40 (నాలుగు-పది) డజన్లా అన్నది ఆ ఎగుడుదిగుడు మీదే ఆధారపడుతుంది. క్యాసెట్ పాఠాల్లో వినిపించే బీజింగ్ ఉచ్చారణ ఇక్కడ పెద్దగా ఆదుకోదు.

పెద్ద అంకెలు కూడా అంతే. వాళ్ల లెక్క పదివేల కట్టల్లో నడుస్తుంది. లక్షంటే వాళ్లకి పది పదివేలు. "వన్ ట్వంటీ థౌజండ్" అని ఇంగ్లిష్‌లోకి వెళ్లి తిరిగి రావద్దు. లక్షా ఇరవై వేలంటే పన్నెండు పదివేలు, అంతే. ఈ విషయంలో అమెరికా ఇంటర్న్‌ల కన్నా మనకే తేలిక.

సరఫరాదారులు మెయిల్ కంటే వీచాట్‌లో (అక్కడి వాట్సాప్ లాంటిది) వాయిస్ మెసేజ్‌లే ఎక్కువ పెడతారు. ఆఫీసులో వాటిని విసుక్కునేవాళ్లుంటారు గానీ, మీకు మాత్రం అవే ట్యూషన్. ఎదుటి మనిషి ముందు "మళ్లీ చెప్పండి" అని ఎన్నిసార్లు అడుగుతాం? మెసేజ్‌ని ఎన్నిసార్లయినా వినొచ్చు. ముందు వినండి, అర్థమైంది రాసుకోండి, ఆ తర్వాతే దాన్ని అక్షరాల్లోకి మార్చే ఆప్షన్ నొక్కండి. పాత సిలబస్ ప్రకారం హెచ్‌ఎస్‌కే మూడు దాకా 600 మాటలు వచ్చుంటాయి. అడ్వాన్సు, శాంపిల్ లాంటివి అందులో ఉండవు. ఇక్కడ మొదటిరోజే తగులుతాయి.

ఆఫీసులో భోజనం పన్నెండుకే. తిన్నాక చాలాచోట్ల లైట్లు ఆర్పి, చిన్న దిండు పెట్టుకుని బల్ల మీదే కునుకు తీస్తారు. ఆ టైములో మీ వ్యాకరణ సందేహాలు తీసుకెళ్లకండి. కబుర్లన్నీ క్యాంటీన్ బల్ల దగ్గరే. వాళ్ల పక్కన కూర్చోండి. ఇంటి పేరు, వెనక హోదా కలిపి "వాంగ్ జింగ్లీ" అంటే మేనేజర్ వాంగ్ గారని. పెద్దవాళ్లని ఉత్త పేరుతో పిలవకండి. షాపుల్లో ఫొటోలు తీసే ముందు అడగండి. డిజైన్లు కాపీ కొడతారని వాళ్లకి టెన్షన్.

వేసవి మంచి సమయమే. క్వాంగ్‌చౌలో 1957 నుంచి జరుగుతున్న క్యాంటన్ ఫెయిర్ అనే వాణిజ్య ప్రదర్శన వసంత విడత ఏటా ఏప్రిల్ మధ్యలో మొదలై మే మొదటి వారానికి ముగుస్తుంది. కొనుగోలుదారులు చాలామంది అక్కణ్నుంచి ఈవూకి వస్తారు. జనవరి, ఫిబ్రవరి మాత్రం వద్దు. వాళ్ల కొత్త సంవత్సరానికి ఫ్యాక్టరీలు వారాల తరబడి మూసేస్తారు. జీమెయిల్, వాట్సాప్ అక్కడ మామూలుగా తెరుచుకోవు, ఇంట్లోవాళ్ల ఫోన్లలో వీచాట్ బయల్దేరే ముందే పెట్టించండి.

ప్రశ్న: చైనీస్ అక్షరాలు చేత్తో రాయలేను. పిన్యిన్‌లో, అంటే ఇంగ్లిష్ అక్షరాల్లో ఉచ్చారణ కొట్టి, టైపు చేస్తాను. ఇంటర్న్‌షిప్‌కి సరిపోతుందా? - ఒక బీకామ్ విద్యార్థి

జవాబు: సరిపోతుంది. ఆఫీసులో నేను చేత్తో రాసింది నా సంతకమే. కానీ చదవడం రావాలి. పిన్యిన్‌లో "మాయ్" అని కొడితే కొనడం, అమ్మడం రెండూ ఒకే వరసలో కనబడతాయి. ఏది నొక్కుతున్నారో కన్ను పోల్చుకోవాలి. ప్యాకింగ్ లిస్టు, కార్టన్ మీద ముద్రించేవి, డెలివరీ తేదీ ఉన్న కాగితాలు ముందు చదవడం నేర్చుకోండి. కవితలు తర్వాత చూసుకోవచ్చు. ప్లేకో నిఘంటువు నెట్ లేకుండానే పనిచేస్తుంది, అది ఫోన్‌లో ఉంచుకోండి.

ప్రశ్న: మా అబ్బాయికి సింగపూర్‌లో ఇంటర్న్‌షిప్ వచ్చింది. అక్కడా చైనీస్ వాళ్లే కదా, వాడి చైనీస్ మెరుగుపడుతుందా? - ఒక తండ్రి

జవాబు: వ్యాపారానికి సింగపూర్ మంచి చోటేనండీ. భాషకి మాత్రం అంత ఆశ పెట్టుకోకండి. అక్కడి నాలుగు అధికార భాషల్లో మాండరిన్ (మీవాడు నేర్చుకునే చైనీస్) కూడా ఒకటి అయినా ఆఫీసులు నడిచేది ఇంగ్లిష్‌లో. మీవాడు చైనీస్‌లో మొదలెడితే అవతలివాళ్లు మర్యాదగా ఇంగ్లిష్‌లోకి మారిపోతారు. భాషే ముఖ్యమనుకుంటే తైవాన్‌లోని తైపీ చూడండి, మాండరిన్ మాట్లాడక తప్పదు. కాకపోతే అక్కడ పాత, నిండైన అక్షరాలు వాడతారు. మీవాడు నేర్చుకున్నవి సరళం చేసిన అక్షరాలైతే బోర్డులు చదవడం దగ్గరే కొన్నాళ్లు తడబడతాడు.