పాత షార్ట్ వేవ్ రేడియో కొంటే ఇప్పుడు ఏమైనా వినిపిస్తుందా?

నిక్షేపంగా వినిపిస్తుంది. వినిపించకపోతే చాలాసార్లు ఆ తప్పు రేడియోది కాదు, మీ ఇంట్లో, పక్కింట్లో వెలిగే చవక ఎల్‌ఈడీ బల్బులది; వాటి లోపలి సర్క్యూట్ల నుంచి వచ్చే విద్యుత్ రొద రేడియోలో దూరుతుంది.

కావలిలో మా ఇంట్లో నాన్నగారి ఫిలిప్స్ ట్రాన్సిస్టర్ ఉంది. మామూలు రోజుల్లో షార్ట్ వేవ్ (దూరదేశాల స్టేషన్లు వచ్చే బ్యాండ్) పెడితే జుయ్యిమని ఒకటే రొద. అది విని చాలామంది స్టేషన్లన్నీ మూతపడ్డాయని తీర్మానిస్తారు. కొన్ని పోయిన మాట నిజమే. బీబీసీ హిందీ 2020 జనవరితో ఆపేసింది. సిలోన్‌లో అనౌన్సర్ మీనాక్షి పొన్నుదురై గారి తెలుగు విన్న రోజులూ పోయాయి. అయితే మాత్రం ఆకాశం ఖాళీ అయిందా?

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటడానికి ముందు రాత్రి మా వీధంతా కరెంటు పోయింది. కాసేపటికి ఇన్వర్టర్లూ చేతులెత్తేశాయి. ఫోన్లలో సిగ్నల్ లేదు. తుపాను కబురు తెలుస్తుందని రేడియోలో నిప్పో సెల్లులు వేశాను (నిప్పో ఫ్యాక్టరీ ఉన్న నెల్లూరు వాళ్లం, వేరేవి వేస్తామా!). రొద మచ్చుకైనా లేదు. ముల్లు వెంట్రుకవాసి జరిపితే ఒక స్టేషన్, ఇంకాస్త జరిపితే మరొకటి. ఒకచోట చక్కటి తమిళం. మద్రాసేమో అనుకున్నాం. తీరా చూస్తే చైనా రేడియో! మా అమ్మ పుట్టిల్లు సూళ్లూరుపేట, తమిళం బాగా వచ్చు. "ఈ పిల్ల నాకంటే శుద్ధంగా మాట్లాడుతోందిరా" అని చెవి దగ్గర పెట్టుకుంది. తుపాను సంగతి ఎవరికీ గుర్తులేదు. మర్నాడు కరెంటు వచ్చి పక్కింటి ఎల్ఈడీ ట్యూబులైటు వెలిగిందో లేదో, మళ్లీ అదే జుయ్యి.

కాబట్టి మెయిన్ ఆపేసి, సెల్లులతో, డాబా ఎక్కి వినండి. డయల్ మీద పగలు 19, 25 మీటర్ల బ్యాండ్లు, రాత్రి 41, 49 మీటర్ల బ్యాండ్లు తిప్పండి. పొద్దు వాలాక పై వాతావరణపు పొరల తీరు మారి, పగలు దగ్గరలోనే ఆగిపోయే తరంగాలు దూరం నుంచి వస్తాయి. అంకెలు కనిపించే డిజిటల్ సెట్టు కొనమని కొందరు సలహా ఇస్తారు. నంబరు నొక్కితే స్టేషన్ వచ్చేటట్లయితే ఫోను చాలదా? ముల్లుతో వెతుక్కోవడంలోనే ఉంది మజా అంతా.

ఆన్‌లైన్‌లో మాత్రం కొనకండి. పెట్టెకు పాలిష్ పెట్టి, పురాతన వస్తువని ధర మూడింతలు చేస్తున్నారు. విప్పి చూస్తే ముల్లును జరిపే డయల్ దారం తెగి ఉంటుంది. ఆ దారం కట్టే మెకానిక్ కోసం ఒంగోలు దాకా వెళ్లాను. అందరూ సెల్‌ఫోన్ గ్లాసులు మార్చేవాళ్లే.