టర్బో ఇంజను, సాధారణ పెట్రోలు ఇంజను: తేడా ఎక్కడ?

టర్బో కారు కొనాలా, సాధారణ ఇంజను సరిపోతుందా అన్న ప్రశ్నకు, హ్యుందాయ్ వెన్యూ కారులో వచ్చిన రెండు పెట్రోలు ఇంజన్లను పోల్చి చూడటం మేలు. 1197 సీసీ సాధారణ ఇంజను, పిస్టన్ కిందికి దిగినప్పుడు ఏర్పడే పీడన లోటుతోనే గాలిని పీల్చుకుంటుంది కనుక, దాని గరిష్ఠ టార్కు (తిప్పే బలం) సుమారు 114 న్యూటన్ మీటర్లే, అదీ 4000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజను తిరిగే చుట్లు) దగ్గర లభిస్తుంది. 998 సీసీ టర్బో ఇంజనులో, బయటికి పోయే పొగ వాయువులు టర్బైను అనే రెక్కల చక్రాన్ని తిప్పగా, అదే ఇరుసుకు బిగించిన కంప్రెసర్ గాలిని ఒత్తిడితో సిలిండర్లలోకి నెడుతుంది; అందువల్ల చిన్నదైనా అది 1500 ఆర్‌పీఎం నుంచే 172 న్యూటన్ మీటర్లు ఇస్తుంది. ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది. అయితే టర్బో తీవ్రమైన వేడిలో తిరుగుతుంది కాబట్టి, నిర్దేశించిన ఆయిల్‌నే వాడి, గడువులోగా మార్చడం తప్పనిసరి. నగరంలోనే నెమ్మదిగా నడిపేవారికి మాత్రం నేను సాధారణ ఇంజనునే సూచిస్తాను.