సీటు సరే, మొదటి ఆరు నెలల మాటేమిటి?

ప్రశ్న: మాది సిరిసిల్ల. మా ఆయన సాంచాలు (మరమగ్గాలు) నడుపుతారు, నేను బీడీలు చుడతాను. మేము బీసీలం, ఏడాదికి లక్షా పది వేల ఆదాయం. మా అమ్మాయికి జేఈఈ మెయిన్‌ ర్యాంకుతో వరంగల్‌ ఎన్‌ఐటీలో మెటలర్జీ (లోహాల ఇంజినీరింగ్‌) రావచ్చంటున్నారు. రాష్ట్ర ఇంజినీరింగ్‌ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌లో 14 వేల ర్యాంకు వచ్చింది, దానికి హైదరాబాద్‌ దగ్గర ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్‌ సైన్స్‌ వస్తుందట. ఫీజు రీయింబర్స్‌మెంట్‌ ఉంది కనుక ప్రైవేటు కాలేజీ అయితేనే భారం ఉండదని చుట్టాలు చెబుతున్నారు. ఏది మేలు?

జవాబు: అమ్మా, మీ చుట్టాలు చెప్పిన లెక్కలో ఒక ముఖ్యమైన అంకె లేదు. తెలంగాణలో బీసీ విద్యార్థికి ఇంజినీరింగ్‌ ఫీజు మొత్తంగా రావాలంటే సాధారణంగా ఈఏపీసెట్‌ ర్యాంకు 10 వేల లోపు ఉండాలి. అది దాటితే ప్రభుత్వం ఇచ్చేది ఏడాదికి 35 వేలు, మిగిలింది మీరే కట్టుకోవాలి. కంప్యూటర్‌ సైన్స్‌కు ఏడాది ఫీజు లక్ష దాటిన కాలేజీలు హైదరాబాద్‌ చుట్టూ చాలానే ఉన్నాయి కాబట్టి, ఆ కాలేజీ ఫీజెంతో ఈ రోజే కనుక్కుని అందులోంచి 35 వేలు తీసివేసి చూడండి. ప్రభుత్వం నుంచి రావలసిన బకాయిలు ఆలస్యమైనప్పుడు కొన్ని కాలేజీలు సర్టిఫికెట్లు ఆపి పెట్టుకోవడం కూడా మన దగ్గర కొత్త కాదు. ఒరిజినల్స్‌ తమ దగ్గర ఉంచుకోకూడదని ఉన్నత విద్యను పర్యవేక్షించే యూజీసీ 2018లోనే స్పష్టంగా చెప్పినా, ఆ నియమాన్ని చూపించి కౌంటరు దగ్గర వాదించే ఓపిక పేద తల్లిదండ్రులకు ఎక్కడ ఉంటుంది?

ఎన్‌ఐటీలో ట్యూషన్‌ ఫీజు ఏడాదికి లక్షా పాతిక వేలు. కుటుంబ ఆదాయం లక్షకూ ఐదు లక్షలకూ మధ్య ఉంటే అందులో మూడింట రెండు వంతులు మాఫీ అవుతుంది, కనుక మీ వాటా దాదాపు 41,700 రూపాయలు. ఆదాయం లక్ష లోపైతే మొత్తం మాఫీ అవుతుందని, పది వేలు తగ్గించి పత్రం రాయించుకోమని ఎవరైనా చెబితే దయచేసి వినకండి, ఎందుకంటే ఒక దరఖాస్తులో ఒక ఆదాయం, మరొక దరఖాస్తులో మరొక ఆదాయం కనిపిస్తే రెండూ తిరస్కరణకు గురయ్యే ప్రమాదముంది. హాస్టల్‌, మెస్‌ ఖర్చులు మాత్రం ఈ మాఫీలోకి రావు.

వాటి కోసం రెండు పథకాలు చూడండి. ఓబీసీ (ఇతర వెనుకబడిన తరగతులు), ఈబీసీ (ఆర్థికంగా వెనుకబడిన తరగతులు) విద్యార్థుల కోసం కేంద్రం పీఎం యశస్వి కింద అమలు చేస్తున్న టాప్‌ క్లాస్‌ స్కాలర్‌షిప్‌లో, జాబితాలో ఉన్న సంస్థల్లో చేరినవారికి, ఆదాయం రెండున్నర లక్షలు మించకపోతే, ట్యూషన్‌ ఫీజుతో పాటు నెలకు 3 వేలు, పుస్తకాలకు ఏడాదికి 5 వేలు, కంప్యూటరుకు ఒకేసారి 45 వేల వరకు ఇస్తారు. అయితే ఒక్కో సంస్థకు కేటాయించిన సంఖ్య పరిమితం కనుక దాన్ని చేతికందిన డబ్బుగా లెక్క వేసుకోకండి. రెండోది మీ బీడీ పనికి సంబంధించినది. బీడీ కార్మికుల పిల్లల చదువుకు కేంద్ర కార్మిక శాఖ ఇచ్చే సాయం వృత్తి విద్యా కోర్సులకు ఏడాదికి 25 వేల దాకా ఉంటుంది. మీ కార్మిక గుర్తింపు కార్డు తీసి అందులో పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో కలుస్తున్నాయో లేదో చూసుకోండి. ఒకే సమయంలో రెండు స్కాలర్‌షిప్‌లు తీసుకోవడానికి చాలా పథకాలు ఒప్పుకోవు కాబట్టి, ఎక్కువ వచ్చేదేదో తేల్చుకుని దానికే దరఖాస్తు చేయించండి.

ఈ డబ్బంతా ఎంత వస్తుందన్నదాని కంటే ఎప్పుడు వస్తుందన్నదే మీ ఇంటికి పెద్ద ప్రశ్న అవుతుంది. తరగతులు వర్షాకాలంలో మొదలైతే స్కాలర్‌షిప్‌ దరఖాస్తు, కాలేజీ పరిశీలన, ఆపై స్థాయి పరిశీలన అయ్యి ఖాతాలో డబ్బు పడేసరికి తరచుగా రెండో సెమిస్టర్‌ నడుస్తూ ఉంటుంది. 2024లో ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఒక దినకూలీ కొడుకు, ఐఐటీ ధన్‌బాద్‌లో సీటు వచ్చి కూడా, 17,500 రూపాయలు గడువులోగా కట్టలేక దాన్ని పోగొట్టుకున్నాడు. సుప్రీంకోర్టు దాకా వెళ్లాక సెప్టెంబరు 30న అతనికి సీటు ఇవ్వాలని తీర్పు వచ్చింది. అందరికీ సుప్రీంకోర్టు దాకా వెళ్లే దారి దొరకదు. కాబట్టి సీటు ఖరారు రుసుము, మొదటి సెమిస్టర్‌ మెస్‌ అడ్వాన్సు, పక్కబట్టలు, ప్రయాణం కలిపి ఎంతవుతుందో ఇప్పుడే కాగితం మీద రాసుకుని, ఆ మేరకు మాత్రం కౌన్సెలింగ్‌ మొదలయ్యేలోగా చేతిలో ఉంచుకోండి. మిగిలినదానికి పీఎం విద్యాలక్ష్మి అనే కేంద్ర పథకం కింద హామీదారు, తాకట్టు లేకుండా బ్యాంకు రుణం దొరుకుతుంది. నాలుగున్నర లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకు వృత్తి విద్యా కోర్సుల కాలంలో పడే వడ్డీని కేంద్రమే భరిస్తుంది. చిట్టీ ఎత్తడమో మూడు రూపాయల వడ్డీకి తేవడమో మాత్రం చేయకండి.

ఇక చదువు సంగతి. నా దగ్గరకు వచ్చిన పిల్లల్లో ఒకమ్మాయి ఫిజిక్స్‌లో చాలా గట్టిది. మొదటి సెమిస్టర్‌ ప్రోగ్రామింగ్‌ ల్యాబ్‌లో కూర్చున్నాక సెమీకోలన్‌ ఏ కీ మీద ఉందో వెతుక్కుంటూ పది నిమిషాలు పోగొట్టుకుంది. పక్కవాళ్లను అడగడానికి సిగ్గుపడింది, ఆ సబ్జెక్టు తప్పింది. సబ్జెక్టులు మిగిలి పైతరగతికి ప్రమోషన్‌ ఆగితే స్కాలర్‌షిప్‌ కూడా ఆగుతుంది కనుక ఇది మార్కులతో పోయే విషయం కాదు. తరగతులు మొదలయ్యేలోగా మీ అమ్మాయిని ఊళ్లో ఏదైనా కంప్యూటర్‌ సెంటర్‌లో టైపింగ్‌, సీ భాష పునాదులు నేర్చుకోమనండి.

బ్రాంచి విషయంలో నా మొగ్గు వరంగల్‌ వైపే. మెటలర్జీ చదివినవారికి ఉక్కు, అల్యూమినియం, బ్యాటరీ రంగాల్లో పని ఉంటుంది. గేట్‌ ప్రవేశ పరీక్ష రాసి ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400 స్టైపెండు వస్తుంది. కోడింగ్‌ ఇష్టమైతే ఏ బ్రాంచిలో ఉన్నా నేర్చుకోవచ్చు. అయితే మీ అమ్మాయికి కంప్యూటర్‌ సైన్స్‌ మీద నిజంగా పట్టుదల ఉండి, ఫీజు తేడా మీరు మోయగలిగినంతే అయితే నేను అడ్డు చెప్పను. ఆమెను కూర్చోబెట్టి అడిగారా? మీ ఉత్తరంలో ఆమె మాట ఒక్కటీ లేదు.

ఏ నిర్ణయం తీసుకున్నా రేపు తహసీల్దారు కార్యాలయానికి పని పడుతుంది. రాష్ట్ర బీసీ సర్టిఫికెట్‌ ఎన్‌ఐటీ కౌన్సెలింగ్‌కు చెల్లదు. కేంద్రం నమూనాలో, ఈ ఏడాది ఏప్రిల్‌ 1 తరువాత ఇచ్చిన ఓబీసీ నాన్‌ క్రీమీలేయర్‌ (ఓబీసీల్లో సంపన్న వర్గం కాదని తెలిపే) పత్రం కావాలి. మీసేవలో దరఖాస్తు పెట్టేటప్పుడు ఆ నమూనాయే కావాలని చెప్పి, ఆదాయ ధ్రువపత్రానికి కూడా అప్పుడే రాయించండి.